గోరంత బొమ్మ

నాన్నగారి షష్టిపూర్తి క్యాసెట్‌ని, బూజు పట్టి పోకముందే ఫైలుగా మార్పించి, పెన్‌డ్రైవ్‌లో అడిక్‌మెట్ ఇంటికి తెచ్చాను. టీవీకి తగిలించగానే గోరంత బొమ్మలు వరసగా వచ్చాయి. పెళ్ళిళ్ళూ, బారసాలలూ అన్నీ ఉన్నాయి. షష్టిపూర్తి చోట మాత్రం నల్లటి చదరం!

అమ్మకి సన్నక్షరాలు ఆనవు. బొమ్మే ఆవిడకి పేరు. "ఇందులోంచి కూడా వెళ్ళిపోయారుటే మీ నాన్న?" అంది.

నొక్కి చూపించాను. దండ వేసుకుని నవ్వుతూ నాన్న ఉన్నారు. అయినా నేను పక్కన లేనప్పుడు అమ్మ ఆ నల్లచదరం జోలికి పోదు. నాకది ముల్లులా గుచ్చుకుంది.

ఈ బొమ్మల ముచ్చట ఈనాటిది కాదు. ఒకప్పుడు గ్రామఫోను రికార్డులు చాలావరకు బోసి కాగితపు అట్టల్లో వచ్చేవి. 1939లో, అంటే నేను చదివిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైన ఏడే, అమెరికాలో కొలంబియా రికార్డుల కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువకుడు చేరాడు. అట్టమీద రంగుల బొమ్మ వేస్తానన్నాడు. వేశాడు. బొమ్మ చూసి పాట కొనడం లోకానికి అలవాటైంది.

1976లో జపానులో వి.హెచ్.ఎస్. క్యాసెట్ వచ్చింది. మన ఇళ్ళల్లో దాని వీపుమీద ఓ చీటీ అంటించేవాళ్ళం. మా చీటీ నాన్నగారి చేతిరాతే. మరి ఫైలుకి చీటీ ఎక్కడ అంటిస్తాం? 1996లో ఎరిక్ కెంప్ పాట ఫైలు చివర 128 బైట్ల చోటు చేసి, పేరూ పాడినవారూ రాసే ఏర్పాటు చేశాడు. బొమ్మకి అందులో చోటు లేదు. 1998లో వచ్చిన రెండో పద్ధతిలో బొమ్మా పట్టింది.

వీడియో ఫైలు మన పోపులపెట్టె లాంటిది. 1991 నాటి క్విక్‌టైమ్ నమూనాలోంచి పుట్టిన ఎంపీ4లో గిన్నెలో గిన్నెలు. దృశ్యానికొకటి, శబ్దానికొకటి, ముఖచిత్రానికొకటి. పసుపుగిన్నె మారిస్తే ఆవాలకేం కాదు కదా! ముఖచిత్రం మార్చినా అంతే, లోపలి సినిమా చెక్కుచెదరదు.

ఆ గిన్నెలో నాన్న ఫోటో పెట్టించాను. కంప్యూటర్లో మళ్ళీ నల్లచదరమే! మా మేనల్లుడు నవ్వాడు. "అత్తా, కంప్యూటరు ప్రతిసారీ ఫైలు విప్పి చూడదు. పాత బొమ్మ దాచుకుని అదే చూపిస్తుంది." ఆ దాపుడుని తుడిచేసరికి నాన్న ప్రత్యక్షం.

టీవీలో మాత్రం రాలేదు. మా టీవీ ఆ గిన్నె మూత తియ్యనే తియ్యదట! వీడియో మొదట్లోంచి ఏదో ఒక దృశ్యం తనే పట్టుకుంటుంది. మా క్యాసెట్ మొదట్లో ఉన్నదంతా చీకటే. అందుకని మేనల్లుడు అసలు ఫైలు పదిలంగా ఉంచి, నకలు తీసి, దాని ముందు అర నిమిషం నాన్న ఫోటో అతికించాడు.

మీ ఇంట్లోనూ నల్లచదరం కనిపిస్తే పాడైపోయిందని చెరిపెయ్యకండి. ముందు నొక్కి చూడండి. పోయింది చీటీయే కావచ్చు.

ఇప్పుడు అమ్మ రోజూ మధ్యాహ్నం తనే పెట్టుకుంటోంది. ఆ అర నిమిషం దాటాక సన్నాయి మొదలవుతుంది. ఒక్కోరోజు సన్నాయిదాకా పోనివ్వదు. ఫోటో దగ్గరే ఆపేసి కూచుంటుంది.