ఊరి పేరు గుడ్డ పేరైన చరిత్ర: మాధవాయపాలెం

నరసాపురం దగ్గర వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లాలంటే మాధవాయపాలెం రేవులో పంటు ఎక్కాలి. మీలో కొందరు ఎక్కే ఉంటారు. ఆ రేవు పేరు ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు నిఘంటువుల్లో ఉందంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. అయితే అక్కడ అది ఊరి పేరు కాదు, ఒక రకం తెల్లని నూలుగుడ్డ పేరు. ఫ్రెంచివారు దాన్ని 'మదపోలం' అంటారు, స్పానిష్‌వారు 'మదపోలాన్' అంటారు. ఇంగ్లీషు కంపెనీ గుమాస్తాల నోట పలకక 'మడపొల్లం'గా మారిన మన మాధవాయపాలెమే అది.

కొనేవాడు ఒక మార్కును నమ్మి దాన్నే అడిగి కొనడం, ఆ మార్కు పరువు పెరగడం, తరగడం ఇప్పటి టీవీ ప్రకటనల కాలపు సంగతులని సాధారణంగా అనుకుంటాం. గోదావరి డెల్టాలో ఇది మూడు వందల ఏళ్ల కిందటి సంగతి. ఈ పాఠంలో మీరు పట్టించుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ఒక సరుకుకు పేరు తెచ్చిన పనితనం ఎవరిది, ఆ పేరు చివరికి ఎవరి సొత్తయింది?

17వ శతాబ్దంలో నరసాపురం ఓడల నిర్మాణానికి ప్రసిద్ధి. గోదావరి మీద దిగివచ్చే కలప అక్కడ ఓడలయ్యేది. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టాక క్రమంగా ఉత్తరానికి జరిగి మాధవాయపాలెం చేరారు. మద్రాసు గవర్నరు స్ట్రేన్‌షామ్ మాస్టర్ 1679లో తీరప్రాంత స్థావరాలను తనిఖీ చేస్తూ ఇక్కడికీ వచ్చాడు. 1708లో యానాం సమీపాన ఇంజరంలో మరో స్థావరం వెలిసింది. కోనసీమలో బెండమూర్లంక మూడవది. పాలకొల్లు, ద్రాక్షారామాల్లో డచ్చివారు, యానాంలో ఫ్రెంచివారు ఉండేవారు. ఇంతమంది ఇక్కడ చేరింది ప్రధానంగా గుడ్డ కోసమే.

పుంజం లెక్క

ఆనాడు గుడ్డ నాణ్యతను కొలిచేందుకు ఒక తెలుగు కొలత ఉండేది. దాని పేరు పుంజం. ఒక పుంజం అంటే 120 పడుగు పోగులు. గుడ్డ వెడల్పులో ఎన్ని పుంజాలుంటే ఆ గుడ్డకు అదే పేరు. పద్నాలుగు పుంజాల గుడ్డలో 1,680 పోగులు, నలభై పుంజాల గుడ్డలో 4,800 పోగులు ఉంటాయి. పుంజాలు పెరిగేకొద్దీ నూలు సన్నబడాలి, నేత దగ్గర పడాలి, ధర పెరుగుతుంది. మాట మీద కాక లెక్క మీద నిలిచిన నాణ్యత ఇది. లండన్ వర్తకుడికి తెలుగు రాకపోయినా పుంజం అనే మాట తెలుసు. కంపెనీ సరుకు జాబితాల్లో అది ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తుంది.

ఈ నాణ్యత ఒక్క మనిషి పని కాదు. నూలు వడికేది ఊళ్లలోని ఆడవాళ్లు. పడుగు సాగదీసి గంజి పెట్టడానికి నేతగాడి ఇంటిల్లిపాదీ వీధిలోకి రావాలి. దేవాంగులు, పద్మశాలీలు, కర్ణభక్తులు మగ్గం మీద నేస్తే, ఆ కోరాగుడ్డను చాకళ్లు ఉతికి, ఎండలో ఆరబెట్టి చలువ చేసేవారు. సన్నని నూలు దొరకకపోయినా, గంజి చెడినా, చలువ సరిగా కుదరకపోయినా నష్టపోయేది నేతగాడే. కంపెనీ గిడ్డంగిలో సరుకును తరగతులుగా విడదీసేవారు. నమూనాకు తగ్గిన గుడ్డకు ధర కోసేవారు, లేదా తిప్పికొట్టేవారు. ఆ కఠినమైన ఎంపిక వల్లనే మాధవాయపాలెం సరుకంటే యూరపు కొనుగోలుదారులు మూట విప్పి చూడనక్కర్లేదన్న నమ్మకం కుదిరిందని ఒప్పుకోవాలి. అయితే ఆ నమ్మకానికి వెల చెల్లించింది ఎవరో కూడా చూడాలి.

డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు వర్తకులు పోటీపడినంతకాలం నేతగాడికి కొంత వెసులుబాటు ఉండేది. ఒకరి బయానా తిరిగిచ్చి మరొకరికి నేయవచ్చు. 1757లో బుస్సీ ఇంజరాన్ని పట్టుకోవడం ఈ పోటీలో ఒక ఘట్టం. కాని 1766 నాటికి ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి దక్కాయి. దాంతో గుడ్డ కొనేవాడూ, పన్ను వసూలు చేసేవాడూ, తగవు తీర్చేవాడూ ఒక్కడే అయ్యాడు. బయానా తీసుకున్నవాడు బయటివారికి నేయకూడదన్నారు. గడువు దాటితే బంట్రోతు గుమ్మంలో కూర్చునేవాడు, వాడి బత్తెం కూడా నేతగాడి నెత్తినే. 18వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో గోదావరి ప్రాంతపు నేతగాళ్లు తాటాకు ఉత్తరాలు పంపుకుని, ఊరూరా కూడి, పని నిలిపి ఎదురు తిరిగారు. ఈ ఘట్టాన్ని మన పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేయడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు. నాణ్యత పేరు ఎంత పెరిగితే నేతగాడి మీద పట్టు అంత బిగుసుకుందని చెప్పే సాక్ష్యం అది.

పేరు మిగిలింది, గుడ్డ పోయింది

1813 చట్టంతో భారత వర్తకంలో కంపెనీ గుత్తాధికారం పోయింది. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే ముగిసింది. ఆ మధ్యకాలంలోనే డెల్టాలోని ఏజెన్సీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1833లో పెద్ద కరవు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన. 1844లో రాజమండ్రి జిల్లా దుస్థితిని విచారించిన హెన్రీ మాంట్‌గొమరీ నివేదిక, దాని వెంట 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మీకు తెలిసినవే. ఆనకట్ట రైతును నిలబెట్టింది. మగ్గానికి మాత్రం పాత గిరాకీ తిరిగి రాలేదు.

విచిత్రమేమిటంటే ఈ కాలంలో 'మడపొల్లం' పేరు తగ్గలేదు, పెరిగింది. లాంకషైర్ మిల్లులు అదే పేరుతో గుడ్డ నేయసాగాయి. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు మడపొల్లాన్ని గోదావరి పాయ మీది ఒక ఊరి పేరుగా వివరిస్తూనే, ఇప్పుడది ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే ముఖ్యమైన సరుకు అని నమోదు చేసింది. అంటే మాధవాయపాలెం గుడ్డ మాంచెస్టరులో తయారై ఓడెక్కి మన తీరానికే అమ్మకానికి వచ్చింది. మన తాతల నోట నలిగిన 'లాంక్లాత్' కథా ఇటువంటిదే. ఈ తీరపు పొడవాటి తానులకు కంపెనీవారు పెట్టిన పేరే అది.

మిల్లుగుడ్డకు తనదైన మార్కులు వచ్చాయి. తాను మీద రంగురంగుల చీటీలు అంటించేవారు. కృష్ణుడు, లక్ష్మీదేవి, ఏనుగు, పులి వాటి మీద కనిపించేవి. చదువురాని కొనుగోలుదారు బొమ్మను బట్టే గుడ్డను గుర్తుపట్టి, మళ్లీ అదే అడిగేవాడు. వర్తకులకు ఆ బొమ్మలు ఎంత విలువైనవంటే ఒకరి చీటీని మరొకరు పోలితే కోర్టుకెక్కేవారు. అయితే ఈ పరువూ నిలవలేదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861–65) పత్తి కరువై, మిల్లులు గుడ్డకు గంజితోపాటు చైనా క్లే అనే తెల్లమట్టి దట్టించడం పెరిగింది. కొన్నప్పుడు బరువుగా ఉన్న గుడ్డ ఒక్క ఉతుకుకు పలచబడేది. ఓడలోనే బూజు పట్టిన తానుల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కొలతల మోసం సరేసరి. చివరకు 1889 నాటి సరుకు గుర్తుల చట్టం తాను మీద పొడవును ముద్ర వేయాలని నిర్బంధించింది.

ఇక్కడ ఇంగ్లండు నుంచే ఒక పోలిక చూడండి. వేటకు, చేపల గాలానికి వెళ్లే సంపన్నులు అక్కడ మైనపు పూత నూలుకోట్లు వేసుకుంటారు. వాటిలో పేరుపడినవి బార్బర్ కోట్లు. 1894లో సౌత్ షీల్డ్స్ రేవులో జాన్ బార్బర్ పెట్టిన దుకాణం అది. మొదట్లో కొన్నవారు నావికులు, జాలర్లు, రేవు కూలీలు. రేవు కూలీ కోటు తరవాత రాజకుటుంబం ఆదరించే వేట కోటయింది. మడపొల్లం దారి దీనికి ఎదురు. సన్నని ఎగుమతి సరుకుగా మొదలై లోదుస్తులకు, దుప్పట్లకు వాడే మామూలు మిల్లుగుడ్డగా మిగిలింది. రెండవ ప్రపంచ యుద్ధంలో డి హావిలాండ్ కంపెనీ చెక్కతో చేసిన మస్కీటో విమానాల మీద అతికించి రసాయనం పూసిందీ ఈ రకం గుడ్డే. తేడా మరొకటుంది. బార్బర్ పేరు ఒక కుటుంబం ఆస్తి, ఎవరైనా వాడుకుంటే అడ్డుకోగలరు. మాధవాయపాలెం పేరును అడ్డుకునే హక్కు ఏ నేతగాడికీ లేదు. అటువంటి హక్కు ఉంటుందని చెప్పే చట్టమే ఆనాడు లేదు.

20వ శతాబ్దంలో నమ్మకం మరోసారి చేతులు మారింది. 1907 ఏప్రిల్‌లో రాజమండ్రిలో బిపిన్ చంద్ర పాల్ ఉపన్యాసాల తరవాత విదేశీ గుడ్డ కట్టుకోవడం చదువుకున్న యువకులకు నామోషీ అయింది. గుడ్డ నాణ్యత మారలేదు, దాని అర్థం మారింది. 1923 కాకినాడ కాంగ్రెసులో అఖిల భారత ఖద్దరు బోర్డు ఏర్పడింది. ఖద్దరు ముతక అయినా, ఖరీదు ఎక్కువైనా కొన్నవారున్నారు. పుంజాల లెక్కతో చూస్తే వారు నష్టపోయినట్టే.

నరసాపురానికే తిరిగి వద్దాం. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా ఇక్కడికి లేసు అల్లిక వచ్చింది. ఇంటి అరుగు మీద ఆడవాళ్లు అల్లిన లేసు దేశదేశాలకు వెళ్లింది. ఈసారి సరుకు వెళ్లింది కాని అల్లినవారి పేరు వెళ్లలేదు. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథం చూపింది ఇదే. ఇంటిపని కింద జమకట్టి వారిని కార్మికులుగా లెక్కించనే లేదని ఆమె వాదన. 1999లో భౌగోళిక గుర్తింపుల చట్టం వచ్చి 2003లో అమలైంది. ఉప్పాడ జాందానీ చీరకు 2009లో, నరసాపురం లేసుకు 2024లో ఆ గుర్తింపు దక్కింది. ఈ చట్టంలో రెండు హోదాలు వేరువేరుగా ఉన్నాయని గమనించండి. గుర్తింపును నమోదు చేయించుకున్న సంఘమో సంస్థో యజమాని. ఆ పేరును తన సరుకు మీద వాడుకోవాలంటే అల్లేవారు, నేసేవారు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. మీ ప్రాంతంలో ఇటువంటి పనివారుంటే, అధీకృత వినియోగదారుల జాబితాలో వారి పేర్లు ఉన్నాయో లేదో అడిగి తెలుసుకుని, అభ్యాస పత్రంలో రాయండి.