హుగ్లీ జైలు ఆస్పత్రిలో నొప్పి

1845 ఏప్రిల్ 4. బెంగాల్లోని హుగ్లీ జైలు ఆస్పత్రికి మాధవ్ కౌరా అనే ఖైదీని తెచ్చారు. రోడ్డు పనికి శిక్ష పడ్డ మనిషి. రెండు వైపులా వరిబీజం. ఒక వైపు నీరు తీసి, ఆనాటి పద్ధతి ప్రకారం మంట పుట్టించే మందు లోపలికి ఎక్కించారు. మత్తు లేదు. ఈథరు వాడకంలోకి రావటానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. మనిషి బాధతో ముడుచుకుపోయాడు. అప్పుడు సర్జను అతని కళ్ళు మూయించి, మొహం మీదుగా పొట్టదాకా తాకీ తాకకుండా చేతులు దించటం మొదలుపెట్టాడు. చాలాసేపటికి ఖైదీ నిద్రలోకి జారాడు. సూదులతో గుచ్చారు, మోకాలికి నిప్పు తగిలించారు, ముక్కు దగ్గర ఘాటైన అమ్మోనియా పెట్టారు. కదలలేదు. జిల్లా జడ్జినీ కలెక్టరునీ పిలిపించి చూపించారు. కొద్ది రోజుల తరవాత రెండోవైపు చికిత్స ఆ నిద్రలోనే జరిగింది.

ఆ సర్జను పేరు జేమ్స్ ఎస్డెయిల్. స్కాట్లండులో ఒక మతగురువు కొడుకు. ఎడింబరోలో వైద్యం చదివి కంపెనీ కొలువుకు వచ్చాడు. మెస్మరిజం గురించి చదవటమేగాని ఎవరైనా చేస్తుండగా అంతకుముందు చూసి ఎరగడు. మరుసటి ఏడు అచ్చయిన 'మెస్మరిజం ఇన్ ఇండియా' అన్న పుస్తకంలో యీ సంగతంతా ఆయనే రాసుకున్నాడు. నేను ఆ పుస్తకాన్ని చరిత్ర మీద ఆసక్తితో చదవలేదు. చాలా ఏళ్ళుగా నడుం నొప్పితో ఉన్నవాణ్ణి. మాత్రలన్నీ అయిపోయాక, నిద్రా ధైర్యమూ రెండూ పోయాక, ఒక మానసిక వైద్యుడు హిప్నాసిస్ ప్రయత్నించి చూద్దామన్నాడు. ఎనిమిదిసార్లు కూర్చున్నాను. నొప్పి పోలేదు. కాని నొప్పికీ నాకూ మధ్య కాస్త చోటు ఏర్పడింది, రాత్రిళ్ళు నిద్ర పట్టింది. మిత్రులకు చెబితే నవ్వారు. "నువ్వు కూడానా!" అన్నారు. భౌతికవాదులమని చెప్పుకునేవాళ్ళకు దేహంలో జరిగేదాన్ని చూసి నవ్వు ఎందుకు రావాలో నాకు అర్థం కాలేదు. ఆ నవ్వుకు సమాధానం వెతుకుతూ వెనక్కి పోతే హుగ్లీ జైలు తగిలింది.

నవ్వుకు కారణం లేకపోలేదు. మెస్మరిజం అనే మాట మనకు గారడీవాడి వెంట వచ్చింది. 'వశీకరణం' అన్నా 'సమ్మోహనం' అన్నా మన చెవికి మంత్రగాడి వాసన కొడుతుంది. దాని పుట్టుకలోనూ మోసం పాలు ఉంది. వియన్నా వైద్యుడు మెస్మర్ పారిస్ చేరి, విశ్వమంతటా ఏదో అయస్కాంత ద్రవం ప్రవహిస్తున్నదనీ, అది అడ్డుపడితే రోగమనీ చెప్పి ధనికుల దగ్గర బాగా సంపాదించాడు. 1784లో రాజు ఒక సంఘాన్ని వేశాడు. ఫ్రాంక్లిన్, లవోయిజే అందులో సభ్యులు. ద్రవమూ లేదు ఏమీ లేదు, ఇదంతా ఊహ వల్ల జరుగుతున్నదని వాళ్ళు తేల్చారు. సరైన తీర్పే. కాని ఊహ వల్ల దేహంలో అంత మార్పు ఎలా వస్తుందన్న అసలు ప్రశ్న అక్కడే ఆగిపోయింది. 'ఊహే' అన్న మాటలోని ఆ 'ఏ'కారం శాస్త్రాన్ని చాలాకాలం ఆలస్యం చేసింది.

ఆ ప్రశ్నను పట్టుకున్నవాడు మనవైపు మనిషే. గోవాలో కాండోలింలో 1756లో పుట్టిన అబ్బే ఫారియా 1813లో పారిస్‌లో ఉపన్యాసాలిచ్చాడు. నిద్రపుచ్చేవాడి దగ్గర శక్తేమీ లేదు, ద్రవమేమీ లేదు, జరిగేదంతా నిద్రపోయేవాడి మనసులోనే అన్నాడు. వేళ్ళు ఊపటం మాని, "నిద్రపో" అని గట్టిగా ఆజ్ఞాపించేవాడు. పారిస్ నవ్వింది. నల్లటి పాదిరీ చెబితే వినాల్సిన అవసరం వాళ్ళకు కనిపించలేదు. 1819లో పేదరికంలో చనిపోయాడు. తరవాత డ్యూమా తన నవలలో ఆ పేరున్న ఖైదీని సృష్టించాడు గనక పేరైనా మిగిలింది. 1843లో మాంచెస్టరు సర్జను బ్రెయిడ్ 'హిప్నాటిజం' అనే కొత్త పేరు పెట్టి, ద్రవాన్ని తోసిపుచ్చి నాడీమండలం వైపు దృష్టి మళ్ళించాడు. దానితో శాస్త్రానికి దారి పడిందని పుస్తకాలు చెబుతాయి.

ఎస్డెయిల్ మాత్రం ద్రవాన్నే నమ్మాడు. ఆయన వాదం విచిత్రమైనది. నా రోగులకు నేనేం చేయబోతున్నానో తెలియదు, వాళ్ళకు చెప్పను, కాబట్టి యిది ఊహ కాదు అన్నాడు. ఈ వాదాన్ని మరోసారి చదవాలి. రోగికి చెప్పకపోవటం, అడగకపోవటం ఆయన దృష్టిలో ప్రయోగానికి బలం! ఖైదీని ఎవరు అడుగుతారు? లండన్ ఆస్పత్రిలో ఒక పెద్దమనిషికి చెప్పకుండా ఆ పని చేయగలిగేవాడా?

ఎనిమిది నెలల్లో 73 నొప్పిలేని శస్త్రచికిత్సలు చేశానని ఆయన జాబితా ఇచ్చాడు. చేయి తీసివేయటం, రొమ్ము తీసివేయటం, దవడ కణితి, కంటి శుక్లాలు. అన్నిటికంటే ముఖ్యమైనవి వృషణాల తిత్తి మీద పెరిగే బోద కణితులు. 8 పౌన్ల నుంచి 80 పౌన్లదాకా బరువున్నవి 17 తీస్తే 14 నొప్పి లేకుండా జరిగాయన్నాడు. బోదకాలు మన గోదావరి జిల్లాలవాళ్ళకు కొత్తగా వర్ణించి చెప్పాల్సిన జబ్బు కాదు. ఆ కణితి మోసుకుంటూ ఏళ్ళ తరబడి మంచాన పడ్డవాడు కత్తికి ఎందుకు ఒప్పుకున్నాడో, నిద్రపుచ్చుతారన్న మాట విని దూరపు ఊళ్ళనుంచి ఎందుకు వచ్చాడో ఊహించుకోవచ్చు. జాబితా చివర 18 మామూలు వైద్య కేసులూ ఉన్నాయి. తలనొప్పి, సయాటికా, రెండున్నరేళ్ళ కీళ్ళవాతం, పక్షవాతం. దీర్ఘకాలపు నొప్పికి ఈ పద్ధతి వాడటం నేటి సంగతి కాదన్నమాట. తరవాత ముర్షిదాబాదు పిచ్చాసుపత్రిలో ఇంకొక డాక్టరు మానసిక రోగుల మీదా దీన్ని ప్రయోగించాడు. ఈ లెక్కలన్నీ చేసినవాడే రాసుకున్న లెక్కలు. వాటిని అక్షరాలా నమ్మనక్కర్లేదు. అంతా కల్పన అనీ అనలేం, ఎందుకంటే కణితులు మాయమయింది నిజం, చూసినవాళ్ళు ఉన్నారు.

నిద్రపుచ్చింది ఎవరు? మొదట్లో కొన్నాళ్ళు ఎస్డెయిలే. ఆ పని తన ఒంటికి పడదని గ్రహించాడు. తరవాత ఆస్పత్రిలోని కాంపౌండర్లకూ డ్రెస్సర్లకూ నేర్పాడు. ఇరవై ముప్ఫై ఏళ్ళ హిందూ ముస్లిం యువకులు. చీకటి గదిలో రోగి తలవైపు కూర్చుని, వంగి, ఊపిరి తగిలేంత దగ్గరగా మొహం పెట్టి, గంటా రెండు గంటలు చేతులు ఆడిస్తూ ఉండాలి. ఒక్కరోజుతో కాదు, కొందరికి పది పదిహేను రోజులు. నిద్ర పూర్తిగా పట్టాక సర్జను వచ్చి కత్తి పెడతాడు. కీర్తి కత్తి పట్టినవాడిది. అన్ని గంటలు వంగి కూర్చున్నవాడి నడుం సంగతి, హిప్నాటిజం చరిత్రలు నేను చదివినంతమేరకు, ఎవరూ రాయలేదు. ఈ ఒక్క వాక్యం రాయటానికే యీ వ్యాసం మొదలుపెట్టానేమోనని కూడా అనిపిస్తుంది.

1846లో బెంగాల్ ప్రభుత్వం ఒక కమిటీని వేసింది. వాళ్ళ ఎదుట కొందరు రోగులకు నిద్ర పట్టనేలేదు. పట్టినవాళ్ళలో కొందరు శవంలా పడి ఉన్నారు. కొందరు మెలికలు తిరిగారు, మూలిగారు, లేచాక మాత్రం నొప్పేమీ తెలియలేదన్నారు. మెలికలు తిరిగిన దేహాన్ని నమ్మాలా, తెలియలేదన్న నోటిని నమ్మాలా? కమిటీ ఇబ్బంది పడింది, అయినా వ్యతిరేకించలేదు. ఆ ఏడు చివర కలకత్తాలో ఏడాది గడువుతో ఒక మెస్మరిక్ ఆస్పత్రి పెట్టారు. గడువు తీరాక ప్రభుత్వం తప్పుకుంటే, ఊరివాళ్ళు చందాలు వేసుకుని 1848లో మళ్ళీ తెరిచారు.

ఇంగ్లండులోని విమర్శకులు మాత్రం తేలిగ్గా తేల్చారు. నేటివులు దొరను సంతోషపెట్టటానికి నొప్పి దిగమింగుతున్నారన్నారు. ఇది జాతి అహంకారమని చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. 1842లో ఇంగ్లండులోనే జేమ్స్ వూంబెల్ అనే కూలివాడికి మెస్మరిజం నిద్రలో కాలు తీశారు. లండన్ వైద్యసంఘంలో పెద్దలు లేచి, వాడు నటించాడన్నారు. తొడదాకా కాలు కోస్తుంటే నటించాడట! అంతకు నాలుగేళ్ళ ముందు లండన్‌లో ఎలియట్‌సన్ ప్రయోగాలకు ఆధారమైన ఓకీ అక్కచెల్లెళ్ళు ఐరిష్ పనిపిల్లలు. వాళ్ళనూ నటులన్నారు. తెల్లవాడైనా కూలివాడు కూలివాడే. పేదవాడు మూలిగితే సోమరి, మూలగకపోతే మోసగాడు. ఈ రోజు ఆస్పత్రి వరండాలో, చీటీ మీద 'ఏమీ లేదు, నర్వస్' అని రాయించుకుని తిరిగొచ్చే ఆడమనిషికి ఈ న్యాయం బాగా తెలుసు.

ఎస్డెయిల్ వైపు కూడా అంతే ఉంది. బెంగాలీల నాడులు బలహీనం, అందుకే త్వరగా లొంగుతారని ఆయన సిద్ధాంతం చేశాడు. మరి ఆ బలహీనులే గంటల తరబడి నిద్రపుచ్చుతున్న విషయం ఆ సిద్ధాంతంలో ఎక్కడ ఇముడుతుంది?

ఆయన రాసిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక స్థానిక మంత్రగాణ్ణి కలిసిన ఘట్టం. ఆ మంత్రగాడు ఇత్తడి పాత్రలో నీళ్ళు తెచ్చి, ఆకులున్న కొమ్మ ముంచి రోగి నుదుట చిలికి, కొమ్మతో పైనుంచి కిందికి మెల్లగా నిమురుతూ మంత్రం గొణిగాడు. ఇది నేను చేసేదే కదా అనుకున్నాడు డాక్టరు. మా ఊళ్ళో తేలు కుడితే వేపమండతో ఇదే చేసేవాళ్ళు. చిన్నప్పుడు నాకూ చేశారు. నొప్పి మోచేతిదాకా దిగింది, మణికట్టుదాకా దిగిందని అతను అడిగేకొద్దీ నేను అవునన్నాను, నిజంగానే దిగింది. మూఢనమ్మకమని తరవాత నేర్చుకున్నాను. అదీ నిజమే. ఎర్రతేలు విషం గుండెకు పడితే ఏ మండా కాపాడదు. దానికి పనిచేసింది ప్రాజోసిన్ మాత్ర. మహారాష్ట్రలోని మహాడ్‌లో బావస్కర్ అనే గ్రామీణ వైద్యుడు దాన్ని 1980లలో లోకానికి చూపించాడు. మంత్రం నొప్పిని తగ్గించగలదు, విషాన్ని తగ్గించలేదు. ఈ రెండు వాక్యాల్లో ఒకదాన్నే పట్టుకున్నవాళ్ళు రెండు శిబిరాలయ్యారు.

1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథరుతో, 1847 నవంబరులో ఎడింబరోలో క్లోరోఫారంతో కథ మారిపోయింది. సీసా మూత తీస్తే నిమిషాల్లో పని అవుతుంది, ఎవరికైనా అవుతుంది. అయిదారుగురు మనుషులు, రోజుల తరబడి శ్రమ, అప్పటికీ నిద్ర పడుతుందో లేదో తెలియని పద్ధతి దాని ముందు నిలబడలేదు. అందులో బాధపడాల్సిందేమీ లేదు, రోగికి మేలే జరిగింది. ఎస్డెయిల్ 1851లో ఇండియా వదిలిపోయాడు, 1859లో చనిపోయాడు. గెలిచిన క్లోరోఫారానికీ మచ్చలున్నాయి. మత్తులోనే హఠాత్తుగా పోయేవాళ్ళు పోతుంటే, 1888లోనూ 1889లోనూ నిజాం డబ్బుతో హైదరాబాదులో రెండు కమిషన్లు జంతువుల మీద వందలకొద్దీ పరీక్షలు చేశాయి. ముందు ఆగేది ఊపిరే, గుండెకు భయం లేదన్నాయి. అది తప్పని, గుండె ముందే ఆగిపోగలదని 1911లో లెవీ పరిశోధన రుజువు చేసింది.

మత్తుమందు కోతనొప్పిని జయించింది. రోజూ ఉండే నొప్పిని జయించలేదు. హిప్నాసిస్‌కు మళ్ళీ చోటు దొరికింది అక్కడే. మధ్యలో 1880లలో పారిస్‌లో షార్కో పేద రోగి స్త్రీలను ప్రేక్షకుల ముందు నిద్రపుచ్చి చూపించిన సిగ్గుచేటు ఘట్టం ఉంది. ఫ్రాయిడ్ కొన్నాళ్ళు వాడి వదిలేశాడు. 1955లో బ్రిటిష్ వైద్యసంఘం, 1958లో అమెరికా వైద్యసంఘం దీన్ని వైద్యుల చేతిలో ఉపయోగపడే పద్ధతిగా గుర్తించాయి. 1997లో రెన్విల్ బృందం మెదడు చిత్రాలతో చేసిన పరిశోధన నా అనుభవానికి మాట ఇచ్చింది. నొప్పి ఎంత దుర్భరమన్న భావాన్ని సూచన ద్వారా మారిస్తే, మెదడులో నొప్పి తాలూకు బాధను మోసే భాగంలో చలనం మారింది. తాకిడిని గుర్తించే భాగం అలాగే ఉంది. వేడి వేడిగానే ఉంది, దాని బాధ తగ్గింది. ఫ్రాంక్లిన్ సంఘం 'ఊహ' అన్నది ఎముకల డబ్బాలో ఒక నిర్దిష్టమైన చోట జరిగే పని అని రెండు వందల ఏళ్ళ తరవాత తెలిసింది. భౌతికవాదికి ఇంతకంటే ఏం కావాలి?

హద్దులూ ఉన్నాయి. మనుషులందరూ ఒకేలా స్పందించరు. కొందరికి అసలు పట్టదు. దిగులు, ఆందోళనల్లో మిగతా చికిత్సతో పాటు తోడు నిలుస్తుందేగాని దానికి బదులు కాదు. లేనిపోనివి వినిపించే, కనిపించే జబ్బుల్లో చాలా జాగ్రత్త కావాలి. అమెరికాలో 1980, 90లలో హిప్నాసిస్‌తో 'పాత జ్ఞాపకాలు' తవ్వి తీస్తామని, జరగని నేరాలు గుర్తుచేయించి కుటుంబాలను కోర్టుకు లాగిన ఉదంతాలు ఉన్నాయి.

నన్ను వేధించే ప్రశ్న ఇంకొకటి. 1985 మాదకద్రవ్యాల చట్టం తరవాత, కాన్సరు నొప్పితో అరిచేవాళ్ళకు కూడా మార్ఫిన్ దొరకటం గగనమైపోయింది. నల్లమందు పండించి లోకానికి అమ్మే దేశంలో! 2014లో చట్టం సవరించారు, అయినా మందు ప్రతి జిల్లాకూ చేరలేదు. అలాంటిచోట 'మనసుతో నొప్పిని జయించు' అన్న మాట ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడాలి. బీడీలు చుట్టి చుట్టి మెడా నడుమూ పట్టేసిన ఒకావిడ మా ఇంటికి వస్తుంటుంది. వైద్యుడు నాకు నేర్పిన పద్ధతి, కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టటం, నొప్పి ఉన్నచోట చల్లదనాన్ని తలుచుకోవటం, ఆమెకు చెప్పాను. శ్రద్ధగా విన్నది. నాలుగు రోజుల తరవాత వచ్చి, "బాగానే ఉందయ్యా, రాత్రి నిద్ర పట్టింది. కాని పొద్దున లేచి చాటబట్టి కూచుంటే మళ్ళీ మొదటికే వస్తున్నది" అన్నది.