తుంగభద్ర ఒడ్డున అన్నమూ, రొట్టె

ఊరు విడిచిన తెనుగువాడు ముందుగా బెంగ పెట్టుకొనేది కంచం మీదనే. ఈ బెంగ ఈనాటిది కాదు. పదిహేనవ శతాబ్దంలో కవిసార్వభౌముడు శ్రీనాథుడు తుంగభద్ర ఒడ్డున ఉన్న విద్యానగరానికి ప్రౌఢదేవరాయల దర్శనార్థం వెళ్ళి, అక్కడి వేషమూ, వెల్లుల్లీ, అంబలీ తనకు సరిపడలేదని కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకొన్నట్లు ఒక చాటువు లోకంలో నిలిచి ఉంది. అది ఆయనదేనని పెద్దలు చెప్పుకొంటారు. అంతటి వానికి తప్పని బాధ మా పెద్దలకు తప్పుతుందా? అదే నదీతీరానికి ఐదు వందల ఏళ్ళ తరువాత నాగలినీ, ఆవకాయ జాడీనీ నమ్ముకొని వచ్చిన కుటుంబాలవారం మేము.

రాయచూరు సీమ తెనుగువారికి పరాయిది కాదు. రాయచూరు కోటగోడలోని పెద్ద రాతిమీద 1294 నాటి తెనుగు శాసనం నేటికీ కనిపిస్తుంది. 1956 నవంబరు 1వ తేదీ వరకు గద్వాల, ఆలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలోనివే. ఆనాడు అవి ఆంధ్రప్రదేశ్‌లోకి, మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రంలోకి పోయాయి. ఆ మైసూరే 1973లో కర్ణాటక అయింది. అయితే ఆ పాత తెనుగువారు జొన్న తినేవారు. మేము వరి తినేవారము. ఒకే భాషవారమైనా కంచాలు వేరు.

మేము రావడానికి కారణం నీరు. హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వాలు కలిసి 1945 ఫిబ్రవరి 28న తుంగభద్ర ఆనకట్టకు పునాదిరాయి వేశాయి. 1953లో కాలువలకు నీరు వదిలారు. ఎడమగట్టు ప్రధాన కాలువ 227 కిలోమీటర్ల పొడవున గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాల గుండా పోతుంది. రేగడినేల ఉంది, నీరు వచ్చింది, తడి వ్యవసాయంలో ఆరితేరిన చేతులు తక్కువ. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఒక ఎకరం అమ్ముకొన్న రైతుకు ఇక్కడ అనేక ఎకరాలు వచ్చేవి. అంతకుముందు నిజాంసాగరు క్రిందికి మనవారు వలస వెళ్ళి స్థిరపడిన అనుభవం కూడా ఉంది. అట్లా బండ్లు కదిలాయి. పొలాల నడుమ వేసుకొన్న గుడిసెల గుంపులకు ‘క్యాంపు’ అని పేరు వచ్చింది. గుడిసెలు డాబాలైనా ఆ పేరు మాత్రం పోలేదు.

తొలి సంవత్సరాల మాట మా ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకొంటారు. చెట్లు కొట్టడమూ, నేల చదును చేయడమూ, తేళ్ళూ, పాములూ, ఇవన్నీ మగవారి కథలు. ఆడవారి కథ వేరు. పచ్చికొబ్బరి లేదు, కంద లేదు, అరటికాయ లేదు, వేసవిలో తాటిముంజ లేదు. పుట్టింటినుంచి ఎవరైనా వస్తున్నారంటే బియ్యపు మూటా, ఊరగాయా తెస్తారని ఎదురుచూసేవారట. ఇరుగుపొరుగు గ్రామాలలో తెల్లవారేసరికి వినిపించేది రొట్టె తట్టే చప్పుడు. జొన్నపిండిని వేడినీళ్ళతో కలిపి, బాగా మర్దించి, అరచేత్తో పలుచగా తట్టి, పెనంమీద వేసి, పైన తడిగుడ్డతో నీరు అద్ది కాలుస్తారు. పిండిలో జిగురు లేదు గనుక చేయి తిరగనివారికి అది ముక్కలవుతుంది. మా అమ్మమ్మల రొట్టెలన్నీ మొదట ముక్కలే. పొరుగు కన్నడ తల్లులు నవ్వి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పారు. ‘ఊట ఆయితా?’ అని అడగనిదే ఆ తల్లులు వేరే మాట ఎత్తేవారు కారు. ‘భోంచేశారా?’ అన్న మన పలకరింపే అది. భాష రానివారికి కూడా ఆ మాట అర్థమయ్యేది.

అన్నిటికంటె పెద్ద బెంగ గోంగూర. సంతలో ‘పుండి’ అని అమ్ముతున్న ఆకుకూరను నోట వేసుకొని చూస్తే అది గోంగూరే! తెలంగాణలో దానినే పుంటికూర అంటారు. మనం గోంగూరను పచ్చడిగా నూరుకొంటే వీరు పప్పుతోనో, జొన్ననూకతోనో ఉడికించి ‘పుండిపల్లె’ చేస్తారు. పోగొట్టుకొన్నదనుకొన్న వస్తువు పేరు మార్చుకొని మా కంటే ముందే ఇక్కడ ఉంది.

నిజానికి జొన్న మన పూర్వులకు క్రొత్తది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తి కాకముందు మన జిల్లాలలోని మెట్ట గ్రామాలలో జొన్న, సజ్జ, రాగి తిని బ్రతికినవారే ఎక్కువ. కాలువ వచ్చిన తరువాతనే తెల్లన్నం నిత్యభోజనమయింది. కొద్ది తరాలలో ఆ సంగతి మరచి, జొన్న తినేవారిని చూసి మేము జాలిపడ్డాము. ఇది మా పొరపాటని ఒప్పుకొనవలసి ఉన్నది.

ఇంకొక సంగతి కూడ దాచరాదు. ఈ ప్రాజెక్టు కరువు సీమకు రక్షణగా ఏర్పడినది. కొద్దినీటితో పండే జొన్న, ప్రత్తి, వేరుశెనగలకు నీటిని పలుచగా పంచి ఎక్కువ గ్రామాలకు అందించాలన్నది మొదటి ఆలోచన. మేము మా కంచంలోని అన్నం కోసం వరి నాటాము. అది లాభించింది. చూసి స్థానిక రైతులు కూడ నాటారు. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన బి.పి.టి. 5204 ఇక్కడి మళ్ళలో విస్తారంగా పండింది. సింధనూరు, గంగావతి బియ్యానికి దక్షిణదేశమంతటా పేరు వచ్చింది. కాని కాలువ తలాపున వరి ఎక్కువైనకొద్దీ చివరి గ్రామాలకు నీరు తగ్గింది. కొన్నిచోట్ల నేల చవుడెక్కింది. 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయంలో పూడిక చేరి నేడు సుమారు 105 మాత్రమే పడుతున్నది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు ఈ అన్నం ఎంత సన్నని దారంమీద వ్రేలాడుతున్నదో అందరికీ తెలిసివచ్చింది. తడిభూములలో జొన్నచేలు అరుదైపోయి, ఆ నేల బిడ్డలే నేడు జొన్నను బజారులో కొనుక్కొంటున్నారు. మా అన్నం మాకు దొరికింది, వారి రొట్టె వారికి దూరమైంది. సొంత ఊరిలో ఉండి తన తిండికోసం బెంగపడటం పరదేశపు బెంగకంటె చిన్నదా?

మా పిల్లల తరం మరొక విధం. సెలవులకు డెల్టాలోని బంధువుల ఇళ్ళకు పోతే నాలుగవనాటికి రొట్టె ఏదని అడుగుతారు. చదువులకు, ఉద్యోగాలకు బెంగుళూరో, అమెరికాయో వెళ్ళేవారి పెట్టెలో ఆవకాయ ప్రక్కనే కడక్ రొట్టెల కట్ట, శెనగకాయ పొడి ఉంటాయి. ఎండిన కడక్ రొట్టె వారాల తరబడి చెడదు. ప్రయాణానికి వండిన అన్నం నిలువదు, రొట్టె నిలుస్తుంది. రెండు బెంగలు గల పిల్లలు వీరు. ఇది నష్టమని మేము అనుకోము. రెండు ఇళ్ళు ఉన్నవానికే రెండు బెంగలు.

ఉగాది రెండు భాషలవారికీ ఒకేనాడు వస్తుంది. వారు వేపపూవు, బెల్లం కలిపి ‘బేవు బెల్ల’ పంచుతారు. మేము మామిడి, చింతపండు చేర్చి పచ్చడి చేస్తాము. గిన్నెలు గోడల మీదుగా మారుతుంటాయి. ఈ ఉగాదికి మా విన్నపం ఒక్కటే. నీరున్నదని ప్రతి మడీ వరి చేయక, ప్రతి కుటుంబమూ కొంత నేల జొన్నకు వదలాలి. ప్రతి ఇంటా ఒక్కరైనా రొట్టె తట్టడం నేర్చుకోవాలి. మన ఆకలి తీర్చిన సీమకు అది మనం తీర్చుకోగల ఋణం.