సైక్లోఆల్కేనుల హాలోజనీకరణం

కార్బన్ పరమాణువులు ఏక బంధాలతో వలయంగా ఏర్పడిన సంతృప్త హైడ్రోకార్బన్లను సైక్లోఆల్కేనులు అంటారు. ఇవి క్లోరిన్, బ్రోమిన్ వంటి హాలోజనులతో జరిపే చర్యను హాలోజనీకరణం అంటారు. ఈ చర్యలో వలయం నిలుస్తుందా, తెగుతుందా అనేది ముఖ్యంగా వలయ పరిమాణంపై, చర్య జరిగే పరిస్థితులపై ఆధారపడి ఉంటుంది.

ప్రతిక్షేపణ చర్య

సైక్లోపెంటేన్, సైక్లోహెక్సేన్ వంటి పెద్ద వలయాలు ఆల్కేనుల వలెనే ప్రవర్తిస్తాయి. అతినీలలోహిత కాంతి సోకినపుడు క్లోరిన్ అణువు రెండు స్వేచ్ఛా ప్రాతిపదికలుగా విడిపోతుంది. ఇవి వలయం నుండి హైడ్రోజన్‌ను తొలగించగా, ఆ స్థానంలో క్లోరిన్ చేరుతుంది. సైక్లోహెక్సేన్ నుండి ఈ విధంగా క్లోరోసైక్లోహెక్సేన్, హైడ్రోజన్ క్లోరైడ్ ఏర్పడతాయి. ఫ్లోరిన్‌తో చర్య అతి తీవ్రంగా ఉంటుంది; అయోడిన్ సాధారణంగా చర్య జరపదు.

వలయం తెగుట

సైక్లోప్రొపేన్‌లో బంధ కోణం 60 డిగ్రీలు మాత్రమే. సహజ కోణమైన 109.5 డిగ్రీల కన్నా ఇది చాలా తక్కువ కనుక బంధాలు బలహీనంగా ఉంటాయి. చిన్న వలయాల అస్థిరతను 1885లో జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ వాన్ బేయర్ ఈ విధంగానే వివరించాడు. చీకటిలో బ్రోమిన్‌తో సైక్లోప్రొపేన్ వలయం తెగి 1,3-డైబ్రోమోప్రొపేన్ ఏర్పడుతుంది. కాంతి సమక్షంలో క్లోరిన్‌తో మాత్రం ప్రతిక్షేపణ జరిగి క్లోరోసైక్లోప్రొపేన్ లభిస్తుంది.

హెక్సాక్లోరోసైక్లోహెక్సేన్

రైతులకు బి.హెచ్.సి., గమాక్సీన్ పేర్లతో పరిచితమైన పురుగుమందు ఇదే. సైక్లోహెక్సేన్‌ను నేరుగా క్లోరినీకరిస్తే అనేక ఉత్పన్నాల మిశ్రమం వస్తుంది. అందువలన దీనిని కాంతి సమక్షంలో బెంజీన్‌కు క్లోరిన్‌ను సంకలనం చేసి తయారుచేస్తారు. 1825లో మైకేల్ ఫారడే దీనిని మొదట తయారుచేశాడు. బెంజీన్ హెక్సాక్లోరైడ్ అనే పాత పేరు ఉన్నప్పటికీ ఇందులోని వలయం బెంజీన్ వలయం కాదు, సంతృప్త వలయం. దీని ఐసోమరులలో గామా రూపమైన లిండేన్‌కు మాత్రమే కీటకాలను చంపే శక్తి అధికం. బీటా రూపం అన్నిటికన్నా స్థిరమైనది. దానినుండి హైడ్రోజన్ క్లోరైడ్ సులభంగా తొలగదు.

కొల్లేరులో అవశేషాలు

ఈ స్థిరత్వమే పర్యావరణానికి ముప్పు. ఈ పదార్థం నీటిలో స్వల్పంగా, కొవ్వులో అధికంగా కరగడం వలన చేపల శరీరంలో పేరుకుంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య, ఏలూరుకు దక్షిణాన ఉన్న కొల్లేరు సరస్సులోకి పొలాల నుండి మురుగునీరు చేరుతుంది. 2001లో ప్రచురితమైన ఒక పరిశోధన ఇక్కడి చేపల కణజాలాలలో ఈ పదార్థపు అవశేషాలను గుర్తించింది. భారతదేశంలో బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. 2009లో లిండేన్‌ను, ఆల్ఫా, బీటా రూపాలను స్టాక్‌హోం ఒప్పందపు జాబితాలో చేర్చారు.