యుద్ధం రాసినోళ్లు, యుద్ధం మోసినోళ్లు

ఓరుగల్లు యుద్ధాల ఊరు. 1310లో మాలిక్ కాఫూర్, 1323లో ఉలుగ్ ఖాన్, 1708లో సర్వాయి పాపన్న ఈ కోట మీదికి వచ్చిన్రు. 1946 నుంచి 1951 దాకా దేశ్‌ముఖుల గూండాలు, రజాకార్లు, నిజాం పోలీసులు, ఆ తర్వాత యూనియన్ సైన్యం చుట్టుపక్కల పల్లెల్ని తొక్కినయి. దండు నడిచిన ప్రతిసారీ దాని వెనక ఒక పుస్తకం పుట్టింది. ఈ పుస్తకాల్ని దళిత విద్యార్థులు, కార్యకర్తలు చదవాలా? "రాజుల కొట్లాట మనకెందుకు?" అనే మాట మన మధ్యనే వినబడుతుంది. చదవాల్సిందే. ఎవరు వీరుడు, ఎవరు కూలి, భూమి ఎవరిది అనే లెక్క యుద్ధంలోనే తేలుతుంది. అయితే ఏ పుస్తకం పక్కన ఏ పుస్తకం పెట్టుకుని చదవాలన్నది అసలు సంగతి.

ఈ చదువు మనకు కొత్తేం గాదు. అంబేద్కర్ తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా పనిచేసిన రాబర్ట్స్, దక్షిణాది సిపాయిలు ఉత్తరాది జాతులకు సరితూగరని 1897లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాసుకున్నడు. ‘వీరజాతులు’ అనే ఈ సిద్ధాంతమే రాజ్యమేలిన కాలంలో, 1892లో, మహర్లకు సైన్యం తలుపులు మూసుకున్నయి. ఒక సేనాధిపతి అభిప్రాయం వేల కుటుంబాల నోటికాడి కూడుతో ముడిపడి ఉంటుందని దీన్ని బట్టి తెలుస్తుంది. 1927 జనవరి 1న అంబేద్కర్ కోరెగాం స్తంభం దగ్గరికి వెళ్లింది ఈ చరిత్ర తెలిసే. 1818 నాటి ఆ యుద్ధం కంపెనీ గెలుపు కూడా అనే నిజాన్ని ఆయన దాచలేదు. పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో భారత సైన్యంలో ఏ ప్రాంతం, ఏ మతం, ఏ కులం వాళ్లు ఎందరున్నరో పట్టికలేసి చూపించిండు. సైన్యాన్ని వీరగాథలాగా కాకుండా జీతాల రిజిస్టర్‌లాగా చదివిండు. మన చదువుకు అదే దారి.

ఇప్పుడు ఓరుగల్లుకు వద్దాం. 1309-10 నాటి ముట్టడి గురించి అల్లావుద్దీన్ ఖిల్జీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ‘ఖజాయిన్ ఉల్ ఫుతూహ్’లో రాసిండు. గెలిచినోళ్ల పుస్తకం అది. అయినా మన మట్టికోటను పొగడకుండా ఉండలేకపోయిండు. ఉక్కు బల్లెం దిగని గోడ అన్నడు, యంత్రంతో విసిరిన రాయి తగిలి ఎగిరి వెనక్కి పడుతదన్నడు. ఆ గోడలో మిగిలిన భాగం నేటికీ వరంగల్‌లో కనబడుతుంది. దాన్ని తవ్వి, తట్టల్లో మోసి, తొక్కి గట్టిపరిచింది ఎవరు? ఖుస్రోకు ఆ పట్టింపు లేదు. మట్టిపని ఏ కులాల నెత్తిన పడుతదో ఈ దేశంలో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఓడినోళ్ల పుస్తకం ఇంతకన్నా మంచిదేమీ కాదు. 16వ శతాబ్దం తొలినాళ్లలో వచ్చిన ‘ప్రతాపరుద్ర చరిత్రము’ కోట 77 బురుజులకు 77 మంది పద్మనాయకుల్ని కాపలా పెట్టింది. సింథియా టాల్బోట్ 2001లో అచ్చయిన ‘ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్’ పుస్తకంలో కాకతీయుల శాసనాలు పరిశీలించి, ఆనాటి సైనిక నాయకులు రకరకాల పుట్టుకల నుంచి వచ్చినవాళ్లని చూపింది. అంటే, యుద్ధం ముగిసిన దాదాపు 200 ఏళ్లకు ఒక పుస్తకం బురుజులన్నిటినీ ఒకే కులానికి పట్టా చేసి ఇచ్చింది. శాసనం ఒక చేత, చరిత్రము ఒక చేత పట్టుకుని చదివితే తప్ప ఈ పట్టా మార్పిడి మనకు కనబడదు.

పాపన్న దగ్గరికొస్తే లెక్క ఇంకా తేటగా ఉంటుంది. కల్లు గీసే కులంలో పుట్టినవాడు, ఖిలాషాపూర్‌లో కోట కట్టినవాడు, 1708లో మొహర్రం రోజుల్లో ఓరుగల్లును కొట్టినవాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్‌కు ఇతను నీచకులపు దొంగ. 1874లో బాయిల్ అనే ఆంగ్లేయుడు అచ్చు వేయించిన జనం పాటలో మాత్రం ఇతను వీరుడు. ఈ రెంటినీ కలిపి చదివిన రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావుల 1980 నాటి వ్యాసం, రిచర్డ్ ఈటన్ 2005లో అచ్చేసిన దక్కను సామాజిక చరిత్ర మనకు బాగా పనికొస్తయి. పాపన్న వెంట నడిచినోళ్లలో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల, ఎరుకల, యానాది పేర్లున్నయని పాట చెబుతుంది. ఖాఫీ ఖాన్ దగ్గర ఆ పేర్లు దొరకవు. అయితే, పాపన్న పట్టుకుపోయిన ఆడవాళ్లు, పిల్లల గురించి ఖాఫీ ఖాన్ రాసింది కూడా దాటెయ్యొద్దు. మనవాడు కదా అని కళ్లు మూసుకుంటే మనం కూడా ఇంకో ఆస్థాన చరిత్రే రాసినవాళ్లమైతం. 1710లో మొగలు సైన్యం అతన్ని పట్టుకుని చంపింది.

ఇక మన తాతల కాలపు యుద్ధం. 1948 సెప్టెంబర్ 13న మొదలై ఐదు రోజుల్లో ముగిసిన ‘పోలీసు చర్య’ మీద పెద్దలు రాసిన పుస్తకాలు చాలా ఉన్నయి. వి.పి. మీనన్ (1956), కె.ఎం. మున్షీ (1957) ఢిల్లీ వైపు నుంచి రాసిన్రు. నిజాం ప్రధానమంత్రి లాయక్ అలీ (1962), నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ (1994) ఓడిన వైపు నుంచి రాసిన్రు. వీళ్లలో వీళ్లకు పడదు. కానీ నలుగురికీ కావలసింది హైదరాబాద్ గద్దె ఎవరికి దక్కిందన్నదే. పల్లెల్లో మాత్రం యుద్ధం ఐదు రోజులతో ఆగలేదు. 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పోరాటం విరమించే దాకా సైన్యం క్యాంపులు వేసుకునే ఉంది.

ఆ యుద్ధాన్ని లోపలి నుంచి చెప్పిన పెద్ద పుస్తకం పుచ్చలపల్లి సుందరయ్యది, 1972లో వచ్చింది. 3,000 గ్రామాలు, 10 లక్షల ఎకరాల భూపంపిణీ, 4,000 మంది మృతులు, జైళ్లలోనూ నిర్బంధ శిబిరాల్లోనూ 10,000 మందికి పైగా - ఈ అంకెలు అందులోవే. దీన్ని చదవకుండా తెలంగాణ గురించి మాట్లాడకూడదు. ఎట్ల చదవాలంటే, మొదట వెట్టి గురించి చెప్పిన పేజీలు గుర్తుపెట్టుకోవాలె. ప్రతి హరిజన కుటుంబం ఒక మనిషిని వెట్టికి పంపాలని, ఆ మనిషి ఠాణాకు, తహసీలుకు కాగితాలు మోయాలని, చావడి కాడ కావలి ఉండాలని, అధికారులకు దారి చూపాలని అక్కడ ఉంది. ఆ తర్వాత దళాల కథ వస్తుంది. దళానికి కబురు మోసేదెవరు? కావలి కాసేదెవరు? రాత్రిపూట అడవిబాట తెలిసిందెవరికి? తరాలుగా దొర కోసం ఇవే పనులు చేసినోళ్లకు ఈ విద్యలు కొట్టిన పిండి. వెట్టితో వచ్చిన ఆ తెలివే యుద్ధంలో తిరగబడిందని నేనంటాను. సైనిక పరిభాషలో దీన్నే సమాచారం, సరఫరా, వేగు అంటరు. ఇవి లేని దళం మూడు రోజులు నిలవదు. తుపాకి పట్టినోడి పక్కన కబురు మోసినోడిని కూడా యోధుడిగా లెక్కగట్టి చదివితే, మాల మాదిగ వాడలు ఈ చరిత్రలో ‘మద్దతిచ్చిన ప్రజలు’గా మిగిలిపోవు.

ఇది సుందరయ్య మీద నింద కాదు. రావి నారాయణరెడ్డి హరిజన సేవక్ సంఘంలో పనిచేసినవాడే, తన భూములు పంచినవాడే. ఆయన జ్ఞాపకాలు, జనగామ నాయకుడు నల్లా నర్సింహులు అనుభవాలు కూడా తప్పక చదవాలె. నాయకుడు రాసే పుస్తకం నాయకత్వం నిలబడ్డ చోటు నుంచే కనబడుతుందని మరవకపోతే చాలు. బందగీ, దొడ్డి కొమరయ్య, చాకలి ఐలమ్మ - జెండా మీదికెక్కిన ఈ పేర్లన్నీ కింది నుంచి వచ్చినయే. వీళ్లలో ఎవరూ పుస్తకం రాయలేదు. ఐలమ్మ గొంతు మనకు వినబడింది 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినాకనే. అడవిలో దళంతో ఉండగా కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ మాట అందులోనే ఉంది. ఎత్తుగడల పుస్తకాల్లో ఈ నష్టానికి గడి లేదు. సుందరయ్య పుస్తకం ఎవరికిచ్చినా దాంతోపాటు ఇది కూడా చేతిలో పెట్టాలె.

మూడో పుస్తకం కూడా ఉంది. పి.ఆర్. వెంకటస్వామి ఇంగ్లీషులో రాసి 1955లో రెండు సంపుటాలుగా తెచ్చిన ‘అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్’. ఇది యుద్ధ పుస్తకం కాదు. హైదరాబాద్ సంస్థానంలో దళిత సంఘాల చరిత్ర, నాయకుల తగాదాలు, సర్కారుతో లావాదేవీలు ఇందులో ఉన్నయి. అవే ఏండ్లలో బి.ఎస్. వెంకట్రావు నిజాం మంత్రివర్గంలో ఉన్నడు, శ్యాంసుందర్ నిజాం ప్రతినిధి బృందంతో ఐక్యరాజ్యసమితికి వెళ్లిండు. ఎర్రజెండా, అసఫియా జెండా, మువ్వన్నెల జెండా - మూడింటి మధ్యా దళితులు తమ బేరం తాము చూసుకున్నరని ఇక్కడ తెలుస్తుంది. అది తప్పా ఒప్పా అని తీర్పు చెప్పే ముందు చదవడం మంచిది.

అధ్యయన తరగతులు పెట్టే మిత్రులకు ఒక సూచన. ఏ యుద్ధ పుస్తకమైనా ఒంటరిగా చదివించొద్దు. ప్రతి పేజీని మూడు ప్రశ్నలడగాలె. రాసినోడు ఎక్కడ నిలబడి రాసిండు? ఇంటిపేరుతో సహా ఎవరున్నరు, కులం పేరుతోనో పని పేరుతోనో మాత్రమే ఎవరున్నరు? యుద్ధం అయిపోయినాక భూమి ఎవరి చేతుల్లోకి పోయింది? సైన్యం వచ్చినాక దొరలు పంచిన భూముల్ని తిరిగి గుంజుకున్న ఊళ్లలో ఈ మూడో ప్రశ్నకు జవాబు ఇంకా పహాణీల్లో ఉంటుంది.

కడివెండిలో 1946 జులై 4న కొమరయ్య పడిపోయిన నాడు 20 ఏండ్లున్న మనిషికి ఇప్పుడు నూరేండ్లు. వాళ్ల నోటి నుంచి వినే కాలం దాటిపోయింది. వాళ్ల కొడుకులు, బిడ్డలు మాత్రం జనగామ, మహబూబాబాద్ వాడల్లో ఉన్నరు. అయ్య ఏ దళానికి కబురు మోసిండో, అవ్వ ఎవరికి గటక కాచి పోసిందో వాళ్లకు ఎరుకే. నోటుబుక్కు పట్టుకుని ఈ ఎండాకాలం సెలవుల్లోనే పోవాలె.