విస్తరి తీయకుండా వడ్డించడం ఎలా?

కంప్యూటర్ తెరమీద హైదరాబాద్ పటం చూస్తున్నారనుకోండి. మౌస్‌తో పట్టుకుని పక్కకు లాగితే కొత్త వీధులు వరసగా వచ్చి చేరతాయి. ఆ వీధులు అంతకుముందు మీ కంప్యూటర్‌లో లేవు. ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి అప్పటికప్పుడు వచ్చాయి. అయినా తెర ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు. ఇది మొదటినుంచీ ఇంత సులువుగా జరిగేదా? లేదు.

టిమ్ బెర్నర్స్ లీ 1990లో సెర్న్ పరిశోధనాలయంలో వెబ్‌ను రూపొందించినప్పుడు, పేజీ అంటే చదువుకునే కాగితం లాంటిది. 1993లో అమెరికాలోని ఎన్‌సిఎస్ఎ సంస్థలో సిజిఐ అనే పద్ధతి వచ్చింది. మీరు కోరిక పంపితే సర్వర్ ఒక ప్రోగ్రాంను నడిపి, కావలసిన సమాచారంతో పేజీని తయారుచేసి పంపుతుంది. గొప్ప ముందడుగే. కాని ఒక చిక్కుంది. పెళ్లిభోజనంలో మీరు కాస్త సాంబారు అడిగారు. వడ్డించేవాళ్లు మీ విస్తరి తీసేసి, కొత్త విస్తరి వేసి, అన్నీ మళ్లీ మొదటినుంచి వడ్డిస్తే ఎలా ఉంటుంది? సిజిఐ చేసింది సరిగ్గా అదే.

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్‌కు తొలిరూపం ఇచ్చాడు. దాంతో బ్రౌజర్‌లోనే చిన్నచిన్న పనులు సాధ్యమయ్యాయి. కాని సర్వర్‌ను అడిగి సమాచారం తెచ్చుకోవడానికి దానికి సరైన దారి లేదు.

ఆ దారి రెండు వైపులనుంచి వచ్చింది. మాక్రోమీడియా సంస్థ ఫ్లాష్ ద్వారా బొమ్మలు, కదలికలు, సమాచారం అన్నీ ఒకచోట చేర్చి, 2002లో దీనికి 'రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్' అని పేరు పెట్టింది. చూడటానికి బాగుండేది. కాని బ్రౌజర్‌కు ఆ సంస్థ ఇచ్చే అదనపు సాఫ్ట్‌వేర్ తగిలించుకోవాలి.

రెండోది మైక్రోసాఫ్ట్‌లో పుట్టింది. ఉత్తరాలను వెబ్‌లో చూపించే ఔట్‌లుక్ కోసం అక్కడివారు ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టిటిపి అనే సాధనం తయారుచేశారు. అది 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో బయటికొచ్చింది. పేజీ అలాగే ఉంటుంది. వెనకనుంచి జావాస్క్రిప్ట్ సర్వర్‌కు కబురు పంపుతుంది. జవాబు రాగానే పేజీలో ఆ భాగం మాత్రమే మారుతుంది. విస్తరి అలాగే ఉంది, సాంబారు వచ్చింది! మొజిల్లా మొదలైన బ్రౌజర్లూ దీన్ని అందుకున్నాయి. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక దీని సత్తా అందరికీ తెలిసింది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ దీనికి 'ఎజాక్స్' అని పేరు పెట్టాడు. సమాచారాన్ని మూటకట్టడానికి డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారం చేసిన జేసన్ అనే తేలిక రూపం వాడుకలోకి వచ్చింది.

మరి ఫ్లాష్ ఏమైంది? 2005లో మాక్రోమీడియాను కొన్న అడోబి, 2020 డిసెంబర్ 31తో దానికి మద్దతు ఆపేసింది. ఫ్లాష్‌లో తయారైన ఎన్నో పాఠాలు, ఆటలు బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి. కొన్నింటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థలు కాపాడాయి. ఒకే కంపెనీ చేతిలో తాళం ఉన్న పెట్టెలో మన పనిని దాచుకుంటే ఏమవుతుందో ఇది చెబుతుంది. ఎజాక్స్ వెనకున్న పద్ధతి మాత్రం అందరి ప్రమాణంగా మారి నిలిచింది. ఈనాడు అదే పనికి బ్రౌజర్లలో 'ఫెచ్' అనే కొత్త సాధనం కూడా ఉంది.

మీరూ మొదలుపెట్టవచ్చు. ఒక బటన్, సర్వర్‌నుంచి వచ్చే ఒక్క వాక్యం - మొదటి ప్రయోగానికి ఇంతే చాలు. ఒక్క సంగతి మరవకండి. బ్రౌజర్ వాడేవారి చేతిలో ఉంటుంది; అందులోని ప్రోగ్రాంను వారు మార్చగలరు. ఒక విద్యార్థి మార్కులు మరొకరికి కనిపించకూడదంటే, తెరమీద దాచితే సరిపోదు. ఎవరు అడుగుతున్నారో, వారికి ఇవ్వవచ్చో లేదో ప్రతిసారీ సర్వరే పరీక్షించాలి. వడ్డన ఎంత అందంగా ఉన్నా, వంటింటి తలుపుకు గడియ ఉండాలి కదా!