ఎంఎస్ రోగుల్లో కళ్లు తిరగడం: ప్రతిసారీ కొత్త అటాక్ కాదు

కళ్లు తిరిగితే ముందు గుర్తొచ్చేది బీపీ, నీరసం. హైదరాబాద్‌లో ఎవరైనా ‘చక్కర్ వస్తోంది’ అంటే నిమ్మకాయ నీళ్లు తాగించి పడుకోబెడతారు. అయితే మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్ ఉన్నవారు కారణం తెలుసుకోకుండా వదిలేయకూడదు.

ఎంఎస్ అంటే?

మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నరాల మీదుండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. కరెంటు వైరు తొడుగు ఊడినట్టే, నరాల సంకేతాలు నెమ్మదిస్తాయి లేదా ఆగిపోతాయి. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. బాధితుల్లో మహిళలే ఎక్కువ.

బ్యాలెన్స్ ఎందుకు తప్పుతుంది?

నిలబడాలంటే లోపలి చెవి, కళ్లు, కాళ్ల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు కలిపి చూసుకోవాలి. బ్రెయిన్ స్టెమ్ లేదా చిన్న మెదడులో మైలిన్ దెబ్బతింటే ఈ లెక్క తప్పుతుంది. గది గిర్రున తిరుగుతున్నట్టు ఉంటుంది, వాంతులవుతాయి, నడక తూలుతుంది. కాళ్లలో స్పర్శ తగ్గినవారికి చీకట్లో మరీ కష్టం.

అన్నీ ఎంఎస్ వల్లేనా?

కాదు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు, తల పైకెత్తినప్పుడు కొన్ని సెకన్లు మాత్రమే తిరిగితే అది బీపీపీవీ కావచ్చు. లోపలి చెవిలోని సన్నని కాల్షియం రేణువులు స్థానం తప్పడమే దీనికి కారణం. ఎంఎస్ రోగులకూ ఇది తరచూ వస్తుంది. డాక్టర్ తలను ఒక క్రమంలో తిప్పి చేసే ఎప్లీ పద్ధతితో చాలామందికి తగ్గిపోతుంది. పొరపాటున దీన్నే ఎంఎస్ అటాక్ అనుకుంటే అవసరం లేని స్టెరాయిడ్లు వాడాల్సి వస్తుంది.

ఎండ, జ్వరం వల్ల పాత లక్షణాలు తాత్కాలికంగా పెరగొచ్చు. ఒళ్లు చల్లబడితే తగ్గుతాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో కూడా చూడాలి.

చికిత్స

కొత్త లక్షణం 24 గంటలు దాటినా తగ్గకపోతే న్యూరాలజిస్టును కలవాలి. నిజంగా అటాకే అయితే సాధారణంగా 3 నుంచి 5 రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. కళ్లు తిరగకుండా వేసుకునే మాత్రలు కొద్దిరోజులకే. సొంతంగా నెలల తరబడి వాడితే మెదడు మళ్లీ బ్యాలెన్స్ నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. ఫిజియోథెరపిస్టు నేర్పే కంటి, తల, నడక వ్యాయామాలు మేలు చేస్తాయి. బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్, రాత్రి చిన్న లైటు తప్పనిసరి.

హఠాత్తుగా మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎంఎస్‌ను వైకల్యంగా గుర్తించింది. తూలుతూ నడిచేవారిని చూసి ‘తాగాడు’ అనుకునే ముందు ఈ విషయం గుర్తుంచుకుందాం.